నింద ఫోన్ మీద, తప్పు మరొకరిది

ఏ సభలో మైకు అందుకున్నవాళ్లయినా, ఏ ఆదివారం అనుబంధంలో కలం పట్టినవాళ్లయినా ఈ మధ్య తప్పకుండా ఒక మాట అంటున్నారు. సెల్‌ఫోన్ వచ్చి మనుషుల మధ్య మాట పోయిందట. ఇంట్లో నలుగురుంటే నలుగురూ నాలుగు మూలల్లో తలలు వంచుకుని కూచుంటున్నారట. ఉత్తరాలు పోయాయి, అరుగులు పోయాయి, ఆప్యాయతలు పోయాయి, ఇంటర్నెట్ మనిషికి మనిషిని కాకుండా చేసింది అని వరస. పెళ్లిలో ఇదే, దినంలో ఇదే, బడి వార్షికోత్సవంలోనూ ఇదే. మా నేలకొండపల్లిలో భజన ముగిశాక నలుగురు పెద్దలు కూచున్నా ఇదే. కాదనేవాడు కనిపించడు.

నేను కాదంటున్నాను. ఈ వాదనకు చరిత్ర ఆధారం లేదు. మా ఊళ్లో గాని, భద్రాచలం దారి పట్టి అడవి అంచుల దాకా వెళ్లిగాని చూస్తే రుజువూ దొరకదు. పైగా ఇది చేసే చెరుపు ఒకటుంది. మనకు జవాబు చెప్పాల్సిన వాళ్లు చెప్పడం మానేసినప్పుడు, ఆ తప్పును కూడా చేతిలోని ఫోన్ మీదికి తోసి వాళ్లను తప్పించేస్తుంది. అందుకే దీన్ని ముసలితనపు బెంగగా కొట్టిపారేసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఉత్తరాల సంగతి చూద్దాం. పోయిందని అందరూ కన్నీళ్లు పెడుతున్న ఆ ఉత్తరాల కాలం ఎవరిది? 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటినవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 44 మంది. ఆడవాళ్లలో 33 మంది. ఉత్తరాలు జోరుగా నడిచిన రోజుల్లోనే ముగ్గురాడవాళ్లలో ఇద్దరికి తమ ఉత్తరం తాము రాసుకునే వీలు లేదన్నమాట. రాసిపెట్టేవాళ్లు కావాలి, వచ్చింది చదివిపెట్టేవాళ్లు కావాలి. అది పోస్ట్‌మాన్ కావచ్చు, బడిపంతులు కావచ్చు, ఏడో తరగతి చదివే పక్కింటి పిల్లవాడు కావచ్చు. అత్తగారింట్లో ఉన్న కూతురు తల్లితో ఏం చెప్పుకోవాలన్నా ఆ పిల్లవాడి నోటి ముందు చెప్పుకోవాలి. మొగుడు కొడుతున్నాడని, కడుపు నిండా అన్నం పెట్టడం లేదని పక్కింటి పిల్లవాడి చేత రాయించే ఆడబిడ్డ ఎవరు? అందుకే కార్డు మీద ముందు ఉభయకుశలోపరి పడేది. తర్వాత పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు, వానలు, పంటలు, గేదె ఈనిన సంగతి. కార్డు నిండిపోయేది. చెప్పాల్సింది లోపలే ఉండిపోయేది. అవతల ఆ కార్డు చేరాక కూడా అది తల్లి చేతికి నేరుగా అందేది కాదు. ముందు ఇంటి పెద్దవాడెవరో చదివేవాడు, తర్వాత వీధిలో ఎవరో పైకి చదివి వినిపించేవాళ్లు, నలుగురూ వినేవాళ్లు. అందులో దాచుకోదగ్గ మాట ఒక్కటుండే అవకాశమెక్కడిది?

తంతి సంగతి చెప్పనక్కరలేదు. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయినప్పుడు పత్రికలు వీడ్కోలు వ్యాసాలు వేశాయి. పల్లెలో తంతి అంటే చావుకబురే. మనిషి గుమ్మంలోకి రాగానే, కాయితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఆ తర్వాత ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. రేటు తగ్గే వేళ కోసం రాత్రిదాకా కాచుకుని, వరసలో నిలబడి, గాజు తలుపు వెనక మీటరు తిరుగుతుంటే దాన్ని చూస్తూ గబగబా మాట్లాడినవాళ్లకు ఆ మాటల రుచి ఎంతో తెలుసు. సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో మనకొచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోయేది. 2003లో ఆ చార్జీ పోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకు దిగింది. కూలికి పోయే మనిషి దూరాన ఉన్న బిడ్డతో లెక్క చూసుకోకుండా మాట్లాడటం అప్పుడు మొదలైంది. దాన్ని పట్టుకుని మాటకు చావు వచ్చిన రోజు అంటున్నారు.

ఇక అరుగులు. అరుగు మీద ఊరంతా కూచునేదని రాస్తుంటారు. ఊరంతా కూచోలేదు. అరుగు మీద ఎవరు కూచున్నారో, కింద వీధిలో ఎవరు చేతులు కట్టుకుని నిలబడ్డారో ఆ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఆడవాళ్లు గడప లోపలే ఉండేవాళ్లు. దళితవాడ నుంచి వచ్చిన మనిషి చెప్పులు చేతపట్టుకుని వచ్చి, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి వెళ్లేవాడు. ఊరికి కబురు చెప్పాలంటే డప్పు కొట్టి చాటింపు వేసింది ఆ వాడ మనిషే. ఊరి మాటంతా అతని గొంతులోంచే వెళ్లేది. అందులో అతని మాట ఒక్కటీ ఉండేది కాదు. పంచాయితీలో ఏం తేలిందో అందరికన్నా ఆఖరున తెలిసేదీ అతని వాడకే. ఇవాళ అదే వాడ కుర్రాళ్లకు సొంత వాట్సాప్ గ్రూపు ఉంది. ఉపాధి పని ఎక్కడ పెట్టారో, రేషన్ ఏ రోజు వచ్చిందో, గురుకులం సీట్ల జాబితా ఎప్పుడు వెలువడిందో ఊళ్లో పెద్దింటికి తెలిసిన నిమిషానికే వాళ్లకూ తెలుస్తోంది. సర్పంచిని పేరు పెట్టి ప్రశ్నిస్తున్నారు, వీధి దీపం వెలగకపోతే ఫొటో తీసి పెడుతున్నారు. అరుగు పోయిందని బాధపడేవాళ్లు ఆ అరుగు ఎవరికి అందలేదో కూడా ఒక్కసారి తలచుకుంటే బాగుంటుంది.

మాట పోయింది, ఫోన్లలో అందరూ మునిగిపోయారు అన్న మాటలో ఆ అందరూ ఎవరన్నది మరో ప్రశ్న. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 33 మంది, మగవాళ్లు 57 మంది. తెలంగాణ ఆడవాళ్లలో ఆ సంఖ్య 27 లోపే. ఆ తర్వాతి ఏళ్లలో అది పెరిగి ఉంటుంది, పెరగాలి కూడా. అయినా అందరూ మునిగారన్నప్పుడు ఒడ్డున నిలబెట్టినవాళ్లు ఎందరో ఆ అంకె చెబుతుంది. ఆడపిల్ల ఫోన్ పట్టుకుంటే చెడిపోతుందన్న ఊరి తీర్పుకు, ఫోన్ వల్ల మాటలు పోయాయన్న ఈ మేధావి తీర్పు ఎంత బలమిస్తుందో రాసేవాళ్లు గమనించడం లేదు. బిడ్డ చేతిలోంచి ఫోన్ లాక్కునే తండ్రి ఇవాళ ఈ వ్యాసాలే చదివి వినిపిస్తున్నాడు.

మా వైపు మిరపకోతల కాలంలో ఒకసారి వచ్చి చూడండి. పొద్దున్నే ఆటోలో ఎక్కి వచ్చిన కూలి ఆడవాళ్లు మధ్యాహ్నం సద్ది మూటలు విప్పుకునే వేళ వాళ్ల ఫోన్లు బయటికి వస్తాయి. అక్షరం రాని అమ్మ ఫోన్‌లో పేర్ల బదులు బొమ్మలుంటాయి: కొడుకు ఫొటో, తమ్ముడి ఫొటో, ట్రాక్టర్ బొమ్మ పెట్టిన మేస్త్రీ. కొడుకు ఫొటో మీద వేలు పెట్టి, మైకు గుర్తు నొక్కి పట్టుకుని, ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది. "బిడ్డా, తిన్నావా? నిన్న దగ్గు వినపడ్డది, మందేసుకున్నవా లేదా? నాన్న కాలు తగ్గింది. పైసలు పంపకు, నువ్వు ఉంచుకో." వేలు తీస్తుంది. కారం చేతులు కదా, తెరను పైట చెంగుతో తుడిచి మళ్లీ బొడ్డులో దోపుకుంటుంది. హైదరాబాదులోనో ఇంకెక్కడో ఉన్న ఆ కొడుకు రాత్రి అది విని, మళ్లీ విని, జవాబు పంపుతాడు. మధ్యన చదివిపెట్టేవాడు లేడు, రాసిపెట్టేవాడు లేడు. దగ్గు విని దగ్గని పోల్చుకున్నది తల్లి చెవి. ఏ కార్డు ముక్క మోసింది దగ్గును?

అడవి వైపు వెళితే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. భద్రాచలం చుట్టూ కోయలున్నారు. వాళ్ల భాషకు బడిలో, అచ్చులో దొరికిన చోటు చాలా తక్కువ. ఉత్తరాల కాలమంతా కోయ మాట్లాడే తల్లికి తన భాషలో బిడ్డకు ఒక్క ఉత్తరం పంపే దారి లేదు. తెలుగులో రాయించుకోవాలి, తెలుగులో చదివించుకోవాలి. గొంతు పంపడం వచ్చాక ఆ గోడ కూలింది. కోయ ఇప్పుడు కోయగానే ఊరి నుంచి ఊరికి, హాస్టలుకు, పట్నానికి వెళ్తోంది. వాళ్ల రేల పాటలు యూట్యూబ్‌లో వింటున్నారు. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల కథలను చదువుతో పని లేకుండా తరాల నుంచి నోట మోసుకొచ్చిన మనిషి. 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆయన గొంతు, డోలి దెబ్బ రికార్డయి మిగిలాయి. ఆయనకన్నా ముందు ఇలా పోయిన గాయకులు ఎందరో, వాళ్లతోపాటు ఎన్ని కథలు మట్టిలో కలిశాయో ఎవరూ లెక్క చెప్పలేరు. మాటను చంపింది యంత్రమని అనేవాళ్లు ఈ ఒక్క గొంతును వినాలి.

ఈ ఫిర్యాదు కొత్తది కూడా కాదు. పాత మాధ్యమం పక్కన కొత్తది వచ్చి నిలబడినప్పుడల్లా అసలుది చచ్చిందని గోల లేచింది. మా ఊరి కంచర్ల గోపన్న పాటలే తీసుకోండి. పాల్వంచ తహశీల్దారుగా పనిచేసి, ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడన్న నేరం మీద తానీషా కాలంలో గోల్కొండ కోటలో చెరసాల పాలైన మనిషి. అక్కడ పుట్టాయంటున్న పాటలు వందల ఏళ్లు భజన మండళ్ల నోళ్లలో తిరిగాయి. తర్వాత అచ్చుపుస్తకంలోకి ఎక్కాయి, గ్రామఫోన్ ప్లేటులోకి, రేడియోలోకి ఎక్కాయి. 1964లో నాగయ్య తీసిన సినిమాలోకి వచ్చాయి. బాలమురళీకృష్ణ గొంతులో దేశమంతా తిరిగాయి. ఇప్పుడు ఫోన్లో ఉన్నాయి. రికార్డు వచ్చి భజన పోతుందన్నారు, సినిమా వచ్చి సంప్రదాయం పోతుందన్నారు. మా ఊళ్లో భజన పోలేదు. కొత్తగా చేరిన పిల్లలు చరణం మరిచిపోతే ఫోన్ తీసి చూసుకుని మళ్లీ తాళం అందుకుంటున్నారు.

తెలుగు చచ్చిపోతోందన్న ఏడుపు కూడా ఈ వాదనకు తోకగా వస్తుంది. కంప్యూటర్ తెలుగును చంపేస్తుందని భయపడిన రోజుల్లోనే, ఆ కంప్యూటర్‌లోకి తెలుగును మోసుకెళ్లినవాళ్లున్నారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాసుకోవడానికి ఒక పద్ధతి కట్టారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 1998లో ఈమాట పత్రిక వెబ్‌లో మొదలైంది, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది, 2006లో వచ్చిన లేఖిని అనే టైపింగ్ సాధనం పుణ్యమా అని అంతకుముందు తెలుగులో ఒక్క వాక్యం టైపు చేయనివాళ్లు కథలు రాశారు. బడి మానేశాక తెలుగులో పది వాక్యాలు రాసే అవసరమే పడని మనిషి ఇవాళ రోజూ రాస్తున్నాడు. తప్పులతో రాస్తున్నాడు, ఇంగ్లిష్ లిపిలోనూ రాస్తున్నాడు. ఆ తప్పులు నాకూ బాధే. కాని రాయనివాడికన్నా తప్పుల్తో రాసేవాడు భాషకు దగ్గర. లిపి తెలిసీ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాణ్ణి తెలుగు వైపు తిప్పవచ్చు. అసలు కలం పట్టనివాణ్ణి ఏ వైపు తిప్పుతాం?

బతుకుతెరువు సంగతీ కొంచెం చెప్పాలి. ఖమ్మం మిర్చి యార్డుకు సరుకు తోలే రైతుకు జెండా పాట అంటే ఏమిటో తెలుసు. ఆ పొద్దు పలికిన పై ధర అది. ఒకప్పుడు బస్తాలు లారీకెత్తి, రాత్రంతా బస్తాల మీదే పడుకుని, పొద్దున యార్డులో నిలబడ్డాక గాని ఆ ధర చెవిన పడేది కాదు. పడ్డాక వెనక్కి తోలుకుపోయే స్థోమత ఎవరికుంది? ఇప్పుడు తేజ రకం పాట ఎంత పలికిందో కళ్లంలో ఉండగానే ఫోన్‌కు వస్తుంది. అయితే జెండా పాట కొన్ని లాట్లకే దక్కుతుంది, తన కాయకు తేమ అని, తాలు అని ఎంత కోస్తారో ఆ మెసేజ్ చెప్పదు. అందుకే యార్డులో ముందే ఉన్న మరో ఊరి రైతుకు కాల్ చేస్తాడు: అన్నా, నీకు ఎంత వేశారు? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడం ఎంత బలమో, మనుషులు కలిసి మాట్లాడుకోవడం లేదని రాసేవాళ్లకు తెలియదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, అమ్మాలా అన్నది ఇప్పుడు రైతు నలుగురిని అడిగి తేల్చుకుంటున్నాడు.

ఇంత చెప్పాక నా ఎదుటివాళ్ల బలమైన వాదన దాటేస్తే అది న్యాయం కాదు. పుకార్లు ఉన్నాయి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగి, తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు చంపేసింది. దీన్ని చిన్నది చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో కూడా చూడాలి. అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబుల్‌కు బాధ్యత అప్పగించారు. వాళ్లు ఊళ్లలోకి వెళ్లి జనంతో మాట్లాడారు, డప్పు పట్టి పాటలు కట్టించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరి అబద్ధం వచ్చిన చోటే అది అబద్ధమని చెప్పారు. అవే ఫోన్లు, అవే వీడియోలు. ఆ జిల్లాలో ప్రాణం పోలేదు. పుకారు వచ్చిన ఫోన్‌లోనే జవాబూ వచ్చింది, ఆ జవాబు చెప్పిన మనిషి ముఖం ఊరికి తెలుసు. తేడా అక్కడుంది. కంపెనీ సంగతి చూస్తే, ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది 2018 జూలైలో. చేయగలిగిన పనే. ప్రాణాలు పోయాక చేసింది.

అప్పుల యాప్‌లదీ అదే కథ. 2020 చివర్లో హైదరాబాదులో బయటపడిన ఆ దారుణంలో, కొద్దివేలు అప్పిచ్చి, ఫోన్లోని పేర్లన్నీ గుంజుకుని, కట్టడం ఆలస్యమైతే బంధువులందరికీ బూతు మెసేజ్‌లు పంపారు. పరువు పోయి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. మాటను ఇంతకన్నా నీచంగా వాడటం ఉండదు. కాని ఆ మెసేజ్‌లు పంపింది జీతానికి కూచోబెట్టిన మనుషులు, వాళ్ల వెనక కంపెనీలున్నాయి, ఆ కంపెనీలకు తలుపు తీసిపెట్టినవాళ్లున్నారు. ఫోన్ చెడ్డదని ఒక్క మాటలో తేల్చేస్తే వీళ్లలో ఒక్కడు కూడా బోనెక్కడు.

అన్నం దగ్గర పిల్లలు ఫోన్ చూస్తున్నారన్న ఫిర్యాదు నిజమే. దానికి జవాబు ఇంట్లోనే ఉంది, ఫోన్ పక్కన పెట్టమని పెద్దవాళ్లు ముందు తమది పక్కన పెట్టి చెప్పాలి. దీనికి నాగరికత పతనమంత పేరు పెట్టాల్సిన పనిలేదు.

ఇక జవాబు చెప్పాల్సినవాళ్ల దగ్గరికి వద్దాం. ముందు వరదల సంగతి. భద్రాచలం దగ్గర గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి: 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. ఆ రాత్రుల్లో నది ఒడ్డు ఊళ్లవాళ్లు నిద్రపోకుండా గంట గంటకు అడుగుల లెక్క ఒకళ్లకొకళ్లు పంపుకున్నారు. ఎగువన ఎంత వదిలారో చూసుకుని, గొడ్లను తోలుకుని, ముసలివాళ్లను ఎత్తుకుని ముందే కదిలారు. 1986లో ఆ లెక్క చేతికి అందే దారి ఎంతమందికి ఉంది?

2024 సెప్టెంబరు 1 మాత్రం గుండె పగిలే రోజు. మున్నేరు ఖమ్మం మీద విరుచుకుపడింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయి పగలంతా నిలబడ్డారు. అక్కడి వీడియోలు రాష్ట్రమంతా చూసింది. హెలికాప్టర్ రాలేదు. చీకటి పడ్డాక ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి నీళ్లలోకి బండి నడిపి వాళ్లను తెచ్చాడు. మాకు దగ్గర్లోనే, పాలేరు జలాశయం కింద నాయకన్‌గూడెంలో, ఇంటిపైకెక్కి సాయం కోసం చూసిన కుటుంబంలో భార్యాభర్తలు కొట్టుకుపోయారు, కొడుకు బతికి బయటపడ్డాడు. ఆ రోజు కబుర్లకు కొదవలేదు. ఎక్కడ ఎవరు చిక్కుకున్నారో ఫొటోతో సహా అందరికీ తెలుసు, అధికారులకూ తెలుసు. కబురు చేరింది, పడవ చేరలేదు. మాట తెగిపోయిన కాలమని రాసేవాళ్లను నేను అడిగేది ఇదే: ఆ రోజు తెగింది ఎక్కడ? చిక్కుకున్నవాళ్ల గొంతు ఆఖరిదాకా పలికింది. పలకనిది అవతలి వైపు.

భూమి సంగతిలో, గొంతు పలికినా అవతల జవాబు లేని ఈ అనుభవాన్ని మా మండలం ఏళ్ల తరబడి చూసింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేశారు. గొడవ ఉందన్న భూములన్నీ పార్ట్-బి అనే పెట్టెలో పడ్డాయి. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు, అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెరిచారు. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడ్డా, నాలుగు గుంటలు తగ్గినా, సర్వే నంబరే ఎగిరిపోయినా, సొంత పట్టా నిషేధిత జాబితాలోకి వెళ్లినా రైతు మీసేవకు వెళ్లి దరఖాస్తు పెట్టాలి. అందులో ముప్పైకి పైగా మాడ్యూళ్లు. తన తప్పు ఏ మాడ్యూల్‌లోకి వస్తుందో రైతుకు తెలియదు, చాలాసార్లు ఆపరేటర్‌కూ తెలియదు. ఒకటి నొక్కుతారు, ఫీజు కడతారు, కొన్నాళ్లకు తిరస్కరించినట్టు వస్తుంది. ఎందుకో ఉండదు. తహశీల్దారును అడిగితే నా లాగిన్‌లో లేదు, కలెక్టర్ లాగిన్‌లో ఉందంటారు. లాగిన్ అన్న ఆ మాట మా ఊళ్లో బడి మొహం చూడని రైతులకు కూడా వచ్చేసింది. ఆఫీసులో అప్పీలు చేసుకునే దారి లేదు, సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. అరెకరం రైతు సివిల్ కోర్టు మెట్లెక్కి ఎన్నేళ్లు తిరుగుతాడు?

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మనిషితో పని లేకుండా చేశాం కాబట్టి లంచాలు పోతాయని అప్పుడు చెప్పారు. మనిషి ముఖం కనపడకపోవడాన్ని గొప్పగా చెప్పుకున్నారు. కంప్యూటర్ వస్తే మనుషుల మధ్య మాట పోతుందని ఏడ్చేవాళ్లు, కంప్యూటర్ తెచ్చి మనుషుల మధ్య మాట పోగొడితేనే పాలన బాగుపడుతుందని నమ్మినవాళ్లు ఒకరికొకరు శత్రువులనుకుంటాం. ఇద్దరూ నమ్మింది ఒకటే, యంత్రం వస్తే మాట పోవడం సహజమని. మా మండలం కథలో ఆ నమ్మకమే తలకిందులైంది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ముందుగా నాలుగు మండలాల్లో మొదలుపెట్టారు: నారాయణపేటలో మద్దూరు, కామారెడ్డిలో లింగంపేట, ములుగులో వెంకటాపూర్, ఖమ్మంలో మా నేలకొండపల్లి. ఆ ఎండల్లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. బల్లలు వేశారు, దరఖాస్తు కాయితాలు పంచారు, అధికారులు ఊళ్లోకి వచ్చి కూచున్నారు. పాలిథిన్ కవర్లో మడిచి దాచిన పాత పాస్‌బుక్కులు, రంగు వెలిసిన పహాణీ నకళ్లు, తాతల నాటి, రిజిస్టరు కాని సాదాబైనామా కాయితాలు పట్టుకుని జనం వచ్చారు. హద్దు ఎక్కడని అధికారి అడిగితే రైతు చెప్పేలోపే పక్క చేను మనిషి లేచి చింతచెట్టు గుర్తు చెప్పాడు. ఎవరి నాన్న ఎవరికి అమ్మాడో, ఏ సంవత్సరం చెరువు తెగినప్పుడు గట్టు మారిందో ముసలమ్మలు చెప్పారు. ఏళ్ల తరబడి తెర మీద తేలని లెక్కను పది మంది నోళ్లు విప్పదీశాయి. ఆ విప్పిందాన్ని మళ్లీ ఎక్కించింది కంప్యూటర్‌లోనే. కరెంటు అదే, ఇంటర్నెట్ అదే, ఆఫీసు అదే. మారింది చట్టం. తప్పు దిద్దే అధికారం కింది ఆఫీసుకు తిరిగి వచ్చింది, అప్పీలుకు దారి దొరికింది, జవాబు చెప్పాల్సిన మనిషి కుర్చీలో కనిపించాడు. యంత్రమే మాటను మింగి ఉంటే చట్టం మారినంత మాత్రాన మాట ఎలా తిరిగొచ్చింది?

అన్నీ తీరిపోయాయని నేననడం లేదు. దరఖాస్తు తీసుకోవడం వేరు, తేల్చడం వేరు. సదస్సు బల్ల ఎత్తేశాక మళ్లీ తెర ఒక్కటే మిగిలితే రైతు మొదటికే వస్తాడు. ఊరికొక గ్రామ పాలన అధికారి అని 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు. ఆ మనిషి ఊళ్లో ఉంటాడా, ఫోన్ ఎత్తుతాడా, ఎత్తి నిజం చెబుతాడా అన్నది పట్టి చూడాల్సిన పని ఊరిది.

కాబట్టి ఇక మీదట మైకు అందుకున్న పెద్దలు మిరపచేలో బిడ్డతో మాట్లాడుకుంటున్న తల్లి జోలికి, గ్రూపులో సర్పంచిని నిలదీస్తున్న వాడ పిల్లల జోలికి పోవడం మానాలి. అంత ఆవేదన ఉంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాన్ని తెలుగులో, రైతుకు అర్థమయ్యే రెండు వాక్యాల్లో రాయాలి. ఆ నిర్ణయం ఏ అధికారిదో, అప్పీలు ఎవరికి ఎన్నాళ్లలోగా చేసుకోవాలో అదే మెసేజ్‌లో చెప్పాలి. ఫలానా అంకె నొక్కండి అని తిప్పకుండా మనిషి ఎత్తే నంబరు మండలానికి ఒకటైనా ఉండాలి. వరద హెచ్చరిక ఇచ్చినప్పుడు దాంతోపాటే పడవ ఎక్కడుందో, ఎవరిని పిలవాలో పంపాలి. చదవలేనివాళ్లకు ఇవన్నీ గొంతుతో వినిపించాలి. ఏజెన్సీ మండలాల్లో కోయలో వినిపించాలి.